సినిమా అయిపోయాక ఇంకో సినిమా క్లైమాక్స్ వస్తోంది: డిస్కుల నుంచి కంప్యూటర్‌లోకి కాపీ చేసినవి ఎట్లా చూడాలి?

కావలి మాష్టారు | కావలి | శనివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. ఈ వేదికలో చేరి రెండేళ్ళయింది. రోజూ చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు.

మా ఇంట్లో 34 డీవీడీలు, ఓ పదిహేను వీసీడీలు ఉన్నాయి. డీవీడీ 34 రూపాయలకీ, వీసీడీ 28 రూపాయలకీ దొరికిన రోజులు మీలో కొందరికి గుర్తుండే ఉంటాయి. అప్పట్లో జీతం వచ్చిన రోజు నెల్లూరు ట్రంక్ రోడ్డుకి పోయి రెండేసి తెచ్చేవాణ్ణి. పోయిన సంవత్సరం ప్లేయరు పాడైంది. రిపేరు షాపుకి తీసుకెళ్తే అతను మూత కూడా విప్పకుండా "లెన్సు దొరకదు సార్" అన్నాడు. సరేనని మా అబ్బాయి వదిలేసి వెళ్ళిన కంప్యూటరుకి ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్ తగిలించి, పది రోజులు దాని ముందే కూర్చుని డీవీడీలన్నీ కాపీ చేశాను. ఒక్కో డిస్క్ అయిపోగానే నోటుబుక్కులో టిక్కు పెట్టుకున్నాను.

నిన్న రాత్రి పౌరాణికం ఒకటి పెట్టాం. నలుపు తెలుపు సినిమా. నాలుగు ఫైళ్ళు వరసగా ఆడాయి. యుద్ధం అయింది, మంగళం కూడా పాడేశారు. మా ఆవిడ లేచి లైటు వేయబోతుంటే ఐదో ఫైల్ దానంతట అదే మొదలైంది. ఇందాకటి దాకా నలుపు తెలుపులో ఉన్న కృష్ణుడు ఉన్నట్టుండి రంగుల్లోకి వచ్చాడు, మనిషి కూడా మారిపోయాడు! "రెండో భాగం కూడా ఉందా?" అంది మా ఆవిడ. ఆరో ఫైల్ నొక్కితే ఇంకో సినిమా పాట, అది కూడా మధ్యలో నుంచి.

సాంఘికాల ఫోల్డర్లోనూ ఇదే తంతు. కంప్యూటర్‌లో వైరస్ ఏమైనా ఉందేమోనని టెన్షన్‌గా ఉంది. ఎవరైనా చెప్పగలరా?


చేపల పులుసు | నెల్లూరు | శనివారం, రాత్రి 9.52

మాష్టారూ, ఒక టిక్కెట్టు మీద మూడు సినిమాలు! మా కాలంలో ఉంటే హాలు దగ్గర తొక్కిసలాట జరిగేది.

వైరస్‌లకి ఇంత ఓపిక ఉండదులెండి. ఇంకేదో అయింది. పెన్నా గట్టు అన్న వస్తే తేల్చేస్తాడు.


గరిటె ఉదయగిరి | ఉదయగిరి | శనివారం, రాత్రి 10.15

సింపుల్ సార్. ఆ వీఓబీ ఫైళ్ళన్నీ (సినిమా ముక్కలు ఉండేది వాటిలోనే) కలిపి ఒక్క ఫైల్ చేసేయండి. కమాండ్ ప్రాంప్ట్‌లో కాపీ స్లాష్ బి అని కొట్టి, ఫైల్ పేర్ల మధ్య ప్లస్ గుర్తులు పెట్టి, చివర కొత్త పేరు ఇచ్చి ఎంటర్ నొక్కడమే. అయ్యాక ఎక్స్‌టెన్షన్ ఎంపీజీ అని మార్చండి. నేను పదేళ్ళుగా ఇట్టాగే చేస్తున్నా.


పెన్నా గట్టు | నెల్లూరు, స్టోన్‌హౌస్‌పేట | శనివారం, రాత్రి 11.05

మాష్టారూ, ఏదీ కలపకండి, ఏదీ తుడపకండి. ముందు మూడు విషయాలు చెప్పండి.

ఆ పౌరాణికాల ఫోల్డర్ తెరిచి, వీటీఎస్_01_1 నుంచి వరసగా ఎన్ని వీఓబీ ఫైళ్ళు ఉన్నాయో, వాటి ఎదురుగా ఏ తేదీలు ఉన్నాయో చూసి రాయండి. కాపీ చేసిన తేదీ కాదు, 'మాడిఫైడ్' అని ఉన్న తేదీ కావాలి. డిస్క్ తయారుచేసిన నాటి తేదీ అందులో అట్లాగే ఉండిపోతుంది.

రెండోది, హార్డ్ డిస్క్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఎంత వాడిందో చూడండి.

మూడోది, ఇదే అసలైన ప్రశ్న. డిస్కులు ఇంకా మీ దగ్గరే ఉన్నాయా?

గరిటె తమ్ముడూ, నీ పద్ధతి గురించి తర్వాత మాట్లాడుకుందాం. అది కొన్నిసార్లు పనిచేస్తుంది. కాకపోతే ఇప్పుడు మాష్టారు అట్లా చేస్తే మూడు సినిమాల కిచిడీ ఒకే గిన్నెలో పడుతుంది.


కావలి మాష్టారు | కావలి | ఆదివారం, ఉదయం 6.30

పౌరాణికాల ఫోల్డర్‌లో 1 నుంచి 7 దాకా ఉన్నాయి నాయనా. 1, 2, 3, 4 ఫైళ్ళ తేదీ 2009. 5వ దానికి 2007. 6, 7 ఫైళ్ళకి 2006. మొదటి మూడు, మళ్ళీ 6 ఒకే సైజులో, ఒక జీబీ దగ్గర ఉన్నాయి. 4, 5, 7 మాత్రం చిన్నవి.

హార్డ్ డిస్క్ మొత్తంలో వాడింది 21 జీబీ.

డిస్కుల సంగతి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. కాపీ అయిపోయింది కదా అని అన్నీ గోతంలో వేసి మూతి కట్టి, పాత ఇనప సామాన్లవాడికి వేద్దామని మెట్ల కింద పెట్టాను. గురువారం వాడు వచ్చాడు. మా ఆవిడ విరిగిన కుర్చీ, పాత పేపర్లు వేసింది. గోతం వేసిందో లేదో తనకి గుర్తు లేదంటోంది. ఇప్పుడే పోయి చూసి వస్తాను.


చేపల పులుసు | నెల్లూరు | ఆదివారం, ఉదయం 6.48

అయ్యో మాష్టారూ, ఈ పోస్టు రాసేముందు మెట్ల కిందకి పోవాల్సింది కదా!


కావలి మాష్టారు | కావలి | ఆదివారం, ఉదయం 7.05

ఉంది ఉంది. గోతం అక్కడే ఉంది. "ఈ బిళ్ళలు మేము తీసుకోం" అని వాడే పక్కన పెట్టి వెళ్ళాడట. దాని మీద పిల్లి పడుకుని ఉంది.


పెన్నా గట్టు | నెల్లూరు, స్టోన్‌హౌస్‌పేట | ఆదివారం, ఉదయం 10.20

బతికించారు. ఇక జరిగిందేంటో చెప్తా.

డీవీడీ సినిమా అంటే ఒక ఫైల్ కాదు, ఒక ఫోల్డర్. దాని పేరు ఏ డిస్క్‌లో అయినా వీడియో_టీఎస్ అనే ఉంటుంది. లోపల ఫైళ్ళ పేర్లూ అంతే. ఏ కంపెనీ తీసిన డిస్కయినా సినిమా సాధారణంగా వీటీఎస్_01_1 అనే ఫైల్‌తో మొదలవుతుంది. సినిమా పేరు ఎక్కడా ఉండదు. మీరు పౌరాణికాలన్నిటికీ కలిపి ఒక ఫోల్డర్ పెట్టి, ఒక్కో డిస్క్ నుంచి ఈ వీడియో_టీఎస్‌ని తెచ్చి అందులో పేస్ట్ చేసి ఉంటారు. రెండో డిస్క్ దగ్గర కంప్యూటర్ "ఇదే పేరుతో ఫైళ్ళు ఉన్నాయి, వీటి స్థానంలో కొత్తవి పెట్టమంటారా" అని అడిగి ఉంటుంది. మీరు సరే అన్నారు. అట్లా కొత్త సినిమా వచ్చినప్పుడల్లా పాత సినిమా చెరిగిపోయింది.

పూర్తిగా కూడా చెరగలేదు, మీ వింతంతా అందులోనే ఉంది. డీవీడీలో ఏ వీఓబీ ఫైలూ ఒక జీబీ దాటకూడదు. కాబట్టి సినిమాని ముక్కలు చేస్తారు. 2006 నాటి పెద్ద సినిమా ఏడు ముక్కల్లో ఉంది. 2007 నాటిది ఐదు ముక్కలు, అది వచ్చి మొదటి ఐదింటిని మింగింది. చివర్లో 2009 నాటి నాలుగు ముక్కల సినిమా వచ్చి మొదటి నాలుగింటిని మింగింది. ఐదో ముక్క 2007 సినిమాది మిగిలింది, అదే మీ రంగుల కృష్ణుడు. 6, 7 ముక్కలు 2006 సినిమావి. నలుపు తెలుపు సినిమా ఒక్కటే మీ దగ్గర పూర్తిగా ఉంది.

21 జీబీ అన్నప్పుడే నాకు అనుమానం గట్టిపడింది. డిస్కుకి 4 జీబీ చొప్పున వేసుకున్నా 34 డిస్కులకి 136 జీబీ కావాలి.


కావలి మాష్టారు | కావలి | ఆదివారం, ఉదయం 10.41

ముప్పై రెండేళ్ళు లెక్కలు చెప్పాను నాయనా. ఈ గుణకారం నాకు తట్టలేదు.

నిజమే, ఆ ప్రశ్న అడిగింది. ప్రతిసారీ అడుగుతుంటే విసుగొచ్చి 'అన్నిటికీ ఇదే చేయి' అన్న దాని మీద కూడా టిక్కు పెట్టాను. పౌరాణికాలు, సాంఘికాలు, పాటలు అని మూడు ఫోల్డర్లు. అంటే 34లో మిగిలింది మూడేనా?


పెన్నా గట్టు | నెల్లూరు, స్టోన్‌హౌస్‌పేట | ఆదివారం, ఉదయం 10.50

మూడు, వాటి తోకలూ. తోకలతో కలిపి 21 జీబీ.

ఈసారి ముందు సినిమా పేరుతో ఖాళీ ఫోల్డర్ చేసుకుని, డిస్క్‌లోని వీడియో_టీఎస్‌ని దాంట్లో పెట్టండి. ఒక సినిమాకి ఒక ఫోల్డర్. లోపల ఉన్న ఏ ఫైల్ పేరూ మార్చవద్దు. ఐఎఫ్ఓ, బీయూపీ అని చిన్న చిన్న ఫైళ్ళు కనపడతాయి, అవి ఎందుకులే అని తీసేయవద్దు. ఐఎఫ్ఓ అంటే విషయసూచిక లాంటిది. ఏ ముక్క తర్వాత ఏ ముక్క, ఎక్కడ ఏ సీను మొదలు, ఏ భాష ఏ ట్రాకులో ఉంది, తెర వెడల్పు ఎంత అన్నీ దాంట్లోనే ఉంటాయి. బీయూపీ దానికి నకలు, డిస్క్ మీద గీత పడితే పనికొస్తుందని పెడతారు.

చూసేటప్పుడు ముక్కల్ని ముట్టుకోకండి. వీఎల్‌సీ ప్లేయర్ సాఫ్ట్‌వేర్ తెరిచి మీడియా మెనూలో 'ఓపెన్ డిస్క్' అని ఉంటుంది. అక్కడ డీవీడీ అన్న చోట చుక్క పెట్టి, బ్రౌజ్ నొక్కి ఈ వీడియో_టీఎస్ ఫోల్డర్ చూపించండి. ప్లేయర్లో డిస్క్ వేసినప్పుడు వచ్చినట్టే మెనూ వస్తుంది. ముక్కల మధ్య ఆగదు, ముందుకీ వెనక్కీ జరిపితే నిమిషాలు కూడా సరిగ్గా చూపిస్తుంది. నిన్న మీరు ఐఎఫ్ఓ ద్వారా పెట్టి ఉంటే ఆ రంగుల కృష్ణుడు వచ్చేవాడే కాదు, ఆ సూచికలో ఐదో ముక్క ఊసే లేదు కదా.


గరిటె ఉదయగిరి | ఉదయగిరి | ఆదివారం, మధ్యాహ్నం 12.30

అన్నా, నా పద్ధతిలో తప్పేంది? ముక్కలు కలిపితే ఒకే ఫైల్ అవుతుంది, ఫోన్లో కూడా చూసుకోవచ్చు.


పెన్నా గట్టు | నెల్లూరు, స్టోన్‌హౌస్‌పేట | ఆదివారం, మధ్యాహ్నం 1.15

ఒక డిస్క్, ఒక సినిమా అయితే బాగానే ఆడుతుంది తమ్ముడూ, కాదనను. సున్నాతో ముగిసే వీఓబీని కూడా కలిపావనుకో, అది మెనూ బొమ్మ, సినిమాకి ముందు పాట ముక్క తిరుగుతూ ఉంటుంది. ఒకే డిస్క్‌లో మూడు సినిమాలు కుక్కినవి ఉంటాయే, వాటిలో వీటీఎస్_01, 02, 03 అని ఒక్కో సినిమాకి ఒక్కో వరస. తెలియక అన్నీ కలిపితే మాష్టారి కథే. ఫోల్డర్ వద్దు, ఒకే ఫైల్ కావాలి అంటే మేక్‌ఎంకేవీ వాడు. డీవీడీలకి డబ్బు కట్టక్కర్లేదు. సూచిక చదువుకుని, బొమ్మని ఏమీ కదిలించకుండా, ట్రాకులు సీన్లతో సహా ఒక ఎంకేవీ ఫైల్‌లో కట్టి ఇస్తుంది. ఓ అరగంట పని, అదీ డ్రైవు చదివే వేగాన్ని బట్టి.


చీమకుర్తి రాయి | చీమకుర్తి | ఆదివారం, సాయంత్రం 5.10

మాష్టారు చివరికి టీవీలోనే చూడాలనుకుంటారు, రాసి పెట్టుకోండి. అందుకని నా అనుభవం కూడా చెప్తా.

మా నాన్నకి క్వారీ నుంచి వచ్చాక రాత్రి సినిమా కావాలి. నేను డిస్క్ మొత్తాన్ని ఐఎస్ఓ ఫైల్‌గా చేసి పెన్‌డ్రైవ్‌లో వేయబోతే "ఫైల్ చాలా పెద్దది" అంది. 32 జీబీ పెన్‌డ్రైవ్, 28 జీబీ ఖాళీ, ఫైల్ 4.3 జీబీ. గంట సేపు తల పట్టుకున్నా. తీరా చూస్తే ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్. దాంట్లో ఖాళీ ఎంతున్నా ఒక్క ఫైల్ 4 జీబీ మించకూడదు. ఎన్‌టీఎఫ్ఎస్ కిందకి మార్చాక ఎక్కింది. అయితే మా టీవీ ఐఎస్ఓని అసలు గుర్తే పట్టలేదు! ఎంకేవీ చేశాక బొమ్మ వచ్చింది గానీ కొన్నిటికి మాట రాలేదు. ఆడియో డీటీఎస్‌లో ఉంటే కొన్ని టీవీలు పలకవు, ఏసీ3 అయితే మా దాంట్లో పలికింది. ఒకే సినిమాలో రెండు ట్రాకులూ ఉంటే ఏసీ3 ఉంచి ఎంకేవీ చేసుకోండి.

ఇన్ని తంటాలు పడలేక ఇప్పుడు పాత ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ తీగ పెట్టి టీవీకి కలిపేశా. వీఎల్‌సీలో ఏది ఆడితే అది టీవీలో ఆడుతుంది. నాన్న రిమోట్ వదిలి మౌస్ పట్టుకోవడం నేర్చుకున్నాడు, డబుల్ క్లిక్ మాత్రం ఇంకా రాలేదు.


కోవూరు కుర్రాడు | కోవూరు | ఆదివారం, రాత్రి 8.25

మాష్టారూ, గోతంలో వేశానన్నారు, కవర్లతో వేశారా, ఉత్తవే వేశారా? ఉత్తవైతే ఒకదానికొకటి రాసుకుని గీతలు పడి ఉంటాయి.

2021 నవంబరులో పెన్నకి వరద వచ్చినప్పుడు మా ఇంట్లో మోకాళ్ళ లోతు నీళ్ళు నిలబడ్డాయి. కింది అరలో ఉన్న డిస్కులన్నీ బురదలో తేలాయి. అక్క పెళ్ళి డిస్కులు కూడా వాటిలోనే. కాగితం కవర్లలో ఉన్నవి కవర్లకి అతుక్కుపోయాయి, తొందరపడి లాగితే పైన అచ్చు పొర ఊడి వచ్చింది. అప్పుడు నేర్చుకున్నది చెప్తా. సీడీకీ వీసీడీకీ సమాచారం ఉండే వెండి పొర పైనే, బొమ్మ అచ్చు వేసిన వైపే, పల్చటి లక్క కింద ఉంటుంది. పైన గీసుకుపోతే ఇక ఆశ లేదు. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ బిళ్ళల మధ్యలో ఉంటుంది, అందుకే నీళ్ళలో నానినా చాలావరకు బతికాయి. అదే నీళ్ళలో నానిన వీసీడీలు ఒక్కటీ మిగల్లేదు.

కడిగేటప్పుడు మామూలు నీళ్ళు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్. మెత్తటి నూలు గుడ్డతో మధ్య బెజ్జం నుంచి అంచుకి తిన్నగా తుడవాలి. పళ్ళెం తుడిచినట్టు గుండ్రంగా తిప్పకూడదు. ఎందుకంటే సమాచారం గుండ్రంగానే రాసి ఉంటుంది. అడ్డంగా పడ్డ గీతని డ్రైవు సర్దుకుని చదువుతుంది, గుండ్రంగా పడిన గీత ఒక్క చోటే చాలా సమాచారాన్ని మింగేస్తుంది.


కావలి మాష్టారు | కావలి | ఆదివారం, రాత్రి 9.15

సగం కవర్లలో ఉన్నాయి, సగం ఉత్తవే. మెట్ల కింద నుంచి పైకి తెచ్చేశాను. పిల్లికి కోపం వచ్చింది.

మూడు డిస్కులు మళ్ళీ కాపీ చేశాను. ఫోల్డర్ చూపిస్తే మెనూ వచ్చింది! పాటలు విడిగా, సినిమా విడిగా, అంతా ప్లేయర్లో ఉన్నట్టే. రెండు సందేహాలు మాత్రం మిగిలాయి. ఒక రంగుల సినిమాలో డాన్సులు వచ్చినప్పుడు మనుషుల అంచుల్లో దువ్వెన పళ్ళ లాగా గీతలు వస్తున్నాయి, మామూలు సీన్లలో లేవు. ఇంకోటి, ఒక డిస్క్ కాపీ బాగానే అయింది, కానీ పెడితే ఆకుపచ్చ, గులాబీ గళ్ళు తప్ప ఏమీ కనపడదు. డిస్క్ డ్రైవులో ఉంచి చూస్తే మాత్రం బ్రహ్మాండంగా ఆడుతోంది.


పెన్నా గట్టు | నెల్లూరు, స్టోన్‌హౌస్‌పేట | ఆదివారం, రాత్రి 10.40

దువ్వెన అన్నారు చూడండి, మేము స్టూడియోలో కూడా ఆ మాటే అంటాం. మన దేశపు టీవీల పాల్ పద్ధతిలో చేసిన డీవీడీల్లో సెకనుకి 25 ఫ్రేములు. పాత గాజు టీవీల కోసం ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా, బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఇంకోసారి వచ్చేట్టు రాసేవాళ్ళు. కంప్యూటర్ తెర ఆ రెండు సగాలనీ ఒకేసారి చూపిస్తుంది. మనిషి నిలబడి ఉంటే తేడా తెలియదు. డాన్సులో చెయ్యి విసిరితే మొదటి సగంలో ఒక చోట, రెండో సగంలో ఇంకో చోట ఉంటుంది, దాంతో దువ్వెన. వీఎల్‌సీలో బొమ్మ ఆడుతుండగా కీబోర్డ్ మీద డి అక్షరం నొక్కండి, డీఇంటర్లేస్ ఆన్ అవుతుంది. వీడియో మెనూలో డీఇంటర్లేస్ మోడ్ దగ్గర 'యాడిఫ్' ఎంచుకుంటే ఇంకా నునుపుగా ఉంటుంది.

మొహాలు సన్నగా సాగినట్టు కనిపిస్తే ఏ అక్షరం. పాల్ డీవీడీలో బొమ్మ 720 అడ్డం, 576 నిలువు. అది టీవీ తెర ఆకారం కాదు, సినిమా తెర ఆకారమూ కాదు. 4:3 కిందకి సర్దాలా, 16:9 కిందకి లాగాలా అన్నది డిస్క్‌లోనే గుర్తు పెట్టి ఉంటుంది. ఆ గుర్తు తప్పితే హీరో వెదురుబొంగులా అవుతాడు.

రంగు గళ్ళ డిస్కుకి తాళం ఉంది. సీఎస్ఎస్ అంటారు. ఉత్త కాపీ-పేస్ట్ చేస్తే తాళం వేసిన పెట్టె వస్తుంది గానీ చెవి రాదు, అది ఫైళ్ళలో ఉండదు, డిస్క్‌లో వేరే చోట ఉంటుంది. డ్రైవులో పెట్టినప్పుడు వీఎల్‌సీ ఆ చెవిని అక్కడి నుంచే అందుకుంటుంది, అందుకే ఆడుతోంది. ఆ ఒక్క డిస్కుని డ్రైవులో పెట్టుకునే చూడండి.


కోర్టు సెంటర్ | ఒంగోలు | సోమవారం, ఉదయం 9.30

తాళం మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క చెప్పి పోతాను. కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో 65ఎ అని ఒక సెక్షన్ చేర్చారు. హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో ఇట్లాంటి రక్షణని ఛేదిస్తే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా కూడా. మాష్టారు కొనుక్కున్న డిస్కులు మాష్టారు ఇంట్లో చూసుకుంటున్నారు, ఆ కథ వేరు. దాన్ని పెన్‌డ్రైవుల్లో వేసి వీధిలో అందరికీ పంచినా, ఊళ్ళో కేబుల్‌లో వేసినా మాత్రం తేడా వస్తుంది. ఇక్కడ ఎవరూ లింకులు అడగవద్దు, ఇవ్వవద్దు.


చేపల పులుసు | నెల్లూరు | సోమవారం, ఉదయం 9.44

అక్కా, నేను అడగబోయేలోపే కొట్టేశావు.


పలక బలపం | మార్కాపురం | సోమవారం, మధ్యాహ్నం 2.00

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. వీసీడీల గురించి ఎవరూ చెప్పలేదు. నా దగ్గర రెండు డిస్కుల సినిమాలు చాలా ఉన్నాయి. ఎంపీఈజీఏవీ అని ఫోల్డర్, లోపల ఏవీసెక్01 అనే డ్యాట్ ఫైల్. కాపీ చేస్తుంటే 90 శాతం దగ్గర "సైక్లిక్ రిడండెన్సీ చెక్" అని ఆగిపోతోంది. ప్లేయర్లో వేస్తే మాత్రం అక్కడ కాస్త గళ్ళు వచ్చి ముందుకి పోతుంది.


పెన్నా గట్టు | నెల్లూరు, స్టోన్‌హౌస్‌పేట | సోమవారం, రాత్రి 9.20

మంచి ప్రశ్న. మాష్టారికి కూడా పనికొస్తుంది, ఆ పదిహేను వీసీడీల జోలికి ఆయన ఇంకా పోలేదు కదా. రెండు డిస్కుల్లోనూ ఫైల్ పేరు ఒకటే. ఒకే ఫోల్డర్లో వేశారో, ఇంటర్వెల్ ముందు కథ పోయినట్టే. ఇక్కడ సూచిక గొడవ లేదు కాబట్టి ఫైల్ పేరు మార్చుకోవచ్చు. సినిమా పేరు, పక్కన 1, 2 అని పెట్టేయండి. డ్యాట్ ఫైల్‌ని వీఎల్‌సీ నేరుగా ఆడిస్తుంది.

ఆగిపోవడానికి కారణం చెప్తా. మామూలు డేటా సీడీలో ఒక్కో సెక్టరుకి 2048 బైట్ల సమాచారం, మిగతాది తప్పులు దిద్దుకోవడానికి. వీసీడీలో సినిమా ఎక్కువ పట్టాలని ఆ దిద్దుబాటు జాగా కూడా వాడేసి 2324 బైట్లు చేశారు. అందుకే 650 ఎంబీ సీడీలో దాదాపు 740 ఎంబీ సినిమా కూర్చుంటుంది. గీత పడితే దిద్దుకునే దారి తక్కువ. ప్లేయరు "పోనీలే" అని దాటేస్తుంది. విండోస్ మాత్రం ఒక్క బైటు తేడా వచ్చినా కాపీ మొత్తం ఆపేస్తుంది. ఐసోబస్టర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో తీస్తే చదవలేని చోట ఖాళీ పెట్టి మిగతాది ఇస్తుంది. ఓ రెండు సెకన్లు గళ్ళు వస్తాయి, అంతే. డ్రైవు మార్చి చూడటం కూడా మరవద్దు. నా దగ్గర కొత్త డ్రైవు చదవని డిస్కుల్ని పదిహేనేళ్ళ నాటి పాత డ్రైవు చదువుతుంది.


గరిటె ఉదయగిరి | ఉదయగిరి | మంగళవారం, ఉదయం 8.10

ఒప్పుకున్నా అన్నా, మేక్‌ఎంకేవీ బాగుంది. ఒక్కో సినిమా 4 జీబీ అంటే జాస్తి కదా, హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో వేసి 700 ఎంబీకి కుదిస్తే పోలా? మాష్టారికీ స్థలం మిగుల్తుంది.


పెన్నా గట్టు | నెల్లూరు, స్టోన్‌హౌస్‌పేట | మంగళవారం, మధ్యాహ్నం 1.40

టెరాబైట్‌లో 34 సినిమాలు పెడితే ఇంకా ముప్పావు భాగం పైనే ఖాళీ. దేనికి కుదించడం? డీవీడీ బొమ్మ ఒకసారి నలిగిన బొమ్మే, దాన్ని మళ్ళీ నలిపితే చీకటి సీన్లన్నీ మసిబారతాయి. పాత నలుపు తెలుపు సినిమాల్లో ఇది ఇంకా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. తప్పదంటే సైజు పెట్టి కొట్టకు, ఆర్ఎఫ్ అని నాణ్యత అంకె ఉంటుంది చూడు, దాన్ని 20 దగ్గర పెట్టి సైజు ఎంత వస్తే అంత రానివ్వు. దువ్వెన పోవడానికి ఫిల్టర్లలో డీకోంబ్ పెట్టు. అసలు కాపీ మాత్రం తుడపకు.


చీమకుర్తి రాయి | చీమకుర్తి | మంగళవారం, సాయంత్రం 6.00

దీంట్లో నేను గరిటె వైపు. మా నాన్న చూసే 24 అంగుళాల టీవీలో ఆ మసి ఎవరికి కనపడుతుంది అన్నా? ఫోన్లో పెట్టుకుని బస్సులో చూసే వాళ్ళకి 4 జీబీ ఎందుకు?


పెన్నా గట్టు | నెల్లూరు, స్టోన్‌హౌస్‌పేట | మంగళవారం, రాత్రి 10.05

ఫోనుకైతే కుదించుకోండి, నాకేం. కోవూరు కుర్రాడి లాంటి వాళ్ళు పెళ్ళి వీడియోలు కూడా ఇట్లా కుదించి, డిస్కులు పారేసి, ఆల్బమ్ వీడియో మళ్ళీ చేయమని నా దగ్గరికి వస్తారు. ఆ బాధ నాది.

ఇంకో మాట, పెళ్ళి డిస్కులు షాపులో కొన్న సినిమా డిస్కుల్లాంటివి కావు. షాపు డిస్కుని అచ్చు గుద్దుతారు. పెళ్ళి డిస్కులో రంగు పొర ఉంటుంది, లేజర్‌తో దాన్ని కాల్చి రాస్తాం. ఎండకీ వేడికీ ఆ రంగు పొర చెడిపోతుంది. ముందు కాపీ చేయాల్సింది వాటిని, సినిమాల్ని కాదు.


కోవూరు కుర్రాడు | కోవూరు | మంగళవారం, రాత్రి 10.22

అన్నా, నేను కుదించలేదు, వరద వచ్చింది!


కావలి మాష్టారు | కావలి | శుక్రవారం, రాత్రి 9.30

అందరికీ కృతజ్ఞతలు. నాలుగు రోజులుగా ఇదే పని. 34లో 31 అయ్యాయి. ఇప్పుడు హార్డ్ డిస్క్ 139 జీబీ చూపిస్తోంది, ఈసారి గుణకారం చేసి చూసుకున్నాను. తాళం ఉన్నది ఒకటి డ్రైవులోనే పెట్టి చూస్తున్నాం. ఒకటి ఎంత కడిగినా సగంలో ఆగుతోంది, మార్కాపురం ఆయనకి చెప్పిన ఐసోబస్టర్ రేపు చూస్తాను. ఇంకొకటి పెట్టెలో ఉన్నది వేరే సినిమా, దాని అసలు డిస్క్ ఏ చుట్టాల ఇంట్లో ఉందో!

రంగుల కృష్ణుడి సినిమా 19వ డిస్క్. నిన్న రాత్రి మొదటి నుంచి చూశాం. క్లైమాక్స్ ముందే తెలిసిపోయింది అని మా ఆవిడ సణుగుతూనే చివరి దాకా చూసింది.

ఒక్క చిన్న సందేహం. ఒక సినిమాకి కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి, ఎట్లా తీసేయాలి? మా ఆవిడ అవి చదువుతూ తెలుగు డైలాగులు వినడం లేదు.


చేపల పులుసు | నెల్లూరు | శుక్రవారం, రాత్రి 9.34

ఇది నాకు కూడా తెలుసు మాష్టారూ! వి అక్షరం నొక్కండి. పోకపోతే ఇంకోసారి నొక్కండి.